ఇంగ్లీషు రాకపోతే స్పానిష్ రాదా? చిత్తూరు చెల్లికి జవాబు

ముందు ఉత్తరం పెడతా ఉన్నా, కొంచెం కుదించాను:

"అక్కా, మాది చిత్తూరు. డిగ్రీ అయిపోయింది. బెంగుళూరులో కాల్ సెంటర్లలో స్పానిష్ వచ్చినవాళ్ళకి జీతం బాగుంటుందని ఫ్రెండ్ చెప్తే ఏడు నెలలుగా ఫోన్లో వీడియోలు చూసి, ఒక కోచింగులో కూడా చేరి నేర్చుకుంటా ఉండా. పదాలు బాగానే గుర్తుంటాయి, గ్రామర్ దగ్గరే ఆగిపోతా ఉండా. సేర్, ఎస్తార్ అనే క్రియలు రెండూ ఇంగ్లీషులో 'ఈజ్, ఆర్' ఒకటే కదా, ఎప్పుడు ఏది వాడాలి? నాకు కాఫీ ఇష్టం అనేదాన్ని తలకిందులు చేసి ఎందుకు చెప్తారు? మనుషుల పేర్ల ముందు మాత్రం 'ఆ' అని ఒకటి ఎందుకొస్తుంది? భూతకాలం రెండు రకాలు ఎందుకు? పోర్, పారా రెండూ ఇంగ్లీషులో 'ఫర్' కదా, తేడా ఏంది? కోచింగులో సార్ని అడిగితే నువ్వు తెలుగు మీడియం కదమ్మా, ముందు ఇంగ్లీషు గ్రామర్ గట్టిగా నేర్చుకో, అది రాకుండా స్పానిష్ రాదు అన్నారు. నిజమేనా అక్కా? మానేద్దామా అనిపిస్తా ఉంది."

చెల్లీ, మానొద్దు. ఆ చివరి మాట చదివి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే సరిగ్గా ఇదే మాట నాకూ ఒకరు చెప్పారు, నేను నమ్మాను కూడా, నమ్మి ఒక ఏడాదంతా ఇంగ్లీషు టెన్సుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నా, స్పానిష్ మాత్రం అక్కడే ఉండిపోయింది. తర్వాత తిరుపతిలో పిల్లలకి నేనే చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది, నువ్వు అడిగిన ఐదు ప్రశ్నలూ స్పానిష్ లో ఉన్న కష్టం వల్ల పుట్టినవి కావు, మధ్యలో ఇంగ్లీషు పెట్టుకోవడం వల్ల పుట్టినవి. ఆ ఐదింటికీ జవాబు నీ నోట్లోనే ఉంది, మీ ఇంట్లో రోజూ మాట్లాడే తెలుగులో. తిరుపతి నుంచి చిత్తూరు పోవాలంటే ఎవరైనా చెన్నైకి పోయి బస్సు మారతారా?

ఒక చిన్న సంగతి చెప్పి మొదలుపెడతా. నేను స్పానిష్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తా, నువ్వు కూడా నోట్సులో పలుకుబడి అట్లాగే రాసుకో. మన త, ద లు స్పానిష్ త, ద లకి బాగా దగ్గర, నాలుక పళ్ళకి తగులుతుంది, ఇంగ్లీషు వాళ్ళ ట, డ లాగా కాదు. ప, త, క పలికేటప్పుడు ఇంగ్లీషు వాళ్ళకి గాలి తోసుకొస్తుంది, స్పానిష్ లో రాదు, మనకీ రాదు. పెరో అంటే 'కానీ', పెర్రో అంటే 'కుక్క', ఆ ర కీ ర్ర కీ తేడా పలకలేక ఇంగ్లీషు వాళ్ళు నెలలు నెలలు కష్టపడతారు, మనం 'కర', 'కర్ర' అని చిన్నప్పటినుంచీ విడిగానే పలకతా ఉన్నాం. బీ, వీ రెండక్షరాలనీ బ లాగే పలుకుతారు, హెచ్ అసలు పలకరు, ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే నేను కింద రాసినవి నీకు తికమక కావు.

సరే, కాఫీతో మొదలుపెడదాం, అదే అన్నిటికంటే సులువు. "మె గుస్తా ఎల్ కఫే." దీన్ని ఇంగ్లీషులోకి మార్చి చూస్తే తలకిందులుగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఇష్టపడే మనిషి కర్త, కాఫీ కర్మ. నువ్వు తెలుగులో ఏమంటావో ఒకసారి పైకి అను. "నాకు కాఫీ నచ్చింది." ఇక్కడ కర్త ఎవరు? కాఫీ! నచ్చింది అనేది కాఫీని పట్టుకుని ఉంది, నిన్ను పట్టుకుని కాదు. నువ్వు 'నాకు' అని పక్కన నిలబడి ఉన్నావంతే. మె అంటే నాకు, గుస్తా అంటే నచ్చుతుంది, ఎల్ కఫే అంటే కాఫీ. ఎక్కడా తిరగేయలేదు. ఇప్పుడు మీ ఊరి మామిడిపండ్లు పెట్టు. "నాకు మామిడిపండ్లు నచ్చాయి" అంటావు కదా, నచ్చింది కాస్తా నచ్చాయి అయిపోయింది, స్పానిష్ లో కూడా "మె గుస్తాన్ లోస్ మాంగోస్", గుస్తా కాస్తా గుస్తాన్ అయింది. "నువ్వు నాకు నచ్చావు", "మె గుస్తాస్". మన నచ్చు ధాతువు, వాళ్ళ గుస్తార్ అచ్చం అక్కచెల్లెళ్ళలాగా నడుస్తాయి, దీన్ని క్లాసుల్లో ఎవరూ ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా అవ్వ ఒక మాట అంటా ఉండేది, "నాకు వంకాయ పడదమ్మా" అని. నేను వంకాయ పడను అని ఎవరైనా అంటారా? అనరు. ఈ 'నాకు' అనే నడక మనకి పుట్టుకతో వచ్చింది. నాకు తల నొస్తా ఉంది, "మె దుఏలె లా కబేసా." చూడు, మనం 'నా తల' అని ప్రత్యేకంగా అనం, నాకు అన్నాక తల ఎవరిదో తెలిసిపోయింది కదా, వాళ్ళూ అనరు, 'లా కబేసా' అంటే ఊరికే తల. నాకు 22 ఏళ్ళు అనేది "తెంగో 22 అన్యోస్", అంటే నాకు 22 ఏళ్ళు ఉన్నాయి అని. ఇంగ్లీషు తలలో పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ 'సోయ్ 22', అంటే నేను 22, అనేస్తారు, అది తప్పు. నాకు ఆకలి, "తెంగో ఆంబ్రె", నాకు దప్పిక, "తెంగో సెద్". భావం అంతా మన దారే, కాకపోతే తెంగో లో కర్త మాత్రం 'నేను'.

అయితే ఒక్క చోట జాగ్రత్త. మా అమ్మకి కాఫీ నచ్చుతుంది అనాలంటే "ఆ మి మాద్రె లె గుస్తా ఎల్ కఫే". మధ్యలో ఆ 'లె' చూశావా, అంటే 'ఆమెకి'. మా అమ్మకి, ఆమెకి, కాఫీ నచ్చుతుంది అని రెండుసార్లు చెప్పినట్టు. మన తెలుగులో అట్లా రెండుసార్లు చెప్పం కాబట్టి మన పిల్లలందరూ ఈ లె ని మింగేస్తారు, నా దగ్గరికి వచ్చిన ప్రతి నోట్సులోనూ నేను ఎర్ర పెన్నుతో పెట్టేది ఇదే.

ఇప్పుడు సేర్, ఎస్తార్. దీని మీద నేను కొంచెం ఎక్కువసేపు కూర్చుంటా, ఎందుకంటే తప్పుగా నేర్పించేది ఇదే. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని నీకూ చెప్పే ఉంటారు. ఆ రూలు పట్టుకుంటే మునిగిపోతావు. చనిపోయాడు అనేదానికంటే శాశ్వతం ఏముంది? స్పానిష్ లో "ఎస్తా ముఏర్తో", ఎస్తార్! తిరుపతి ఆంధ్రలో ఉంది, రేపు లేచి వేరే చోటికి పోదు కదా, అయినా "తిరుపతి ఎస్తా ఎన్ ఆంధ్రా". ఇప్పుడు టైం మూడు అనేది ఇంకో గంటకి మారిపోతుంది, అయినా "సోన్ లాస్ త్రేస్", సేర్!

నువ్వు ఆ రూలు వదిలేసి తెలుగులో ఈ వాక్యాలు చెప్పుకో. ఆమె డాక్టరు. వాళ్ళది చిత్తూరు. ఈరోజు శుక్రవారం. టైం మూడు. ఈ బల్ల చెక్కది. వీటిల్లో క్రియ యాడుంది? ఎక్కడా లేదు! ఇంగ్లీషులో అయితే ప్రతిదానిలో ఒక క్రియ ఉండి తీరాలి, మనకి అక్కర్లేదు, పేరు పక్కన పేరు పెడితే వాక్యం అయిపోతుంది. ఇందాక చెప్పిన 'నాకు' వాక్యాలు వదిలేసి, ఇట్లా తెలుగులో క్రియ లేకుండా నడిచేచోటంతా స్పానిష్ లో సేర్ పెట్టు, ఎస్, సోన్ అనేవి దాని రూపాలే. "ఎయా ఎస్ దొక్తోరా", "సోన్ దె చిత్తూరు", "ఓయ్ ఎస్ బియేర్నెస్".

ఇప్పుడు ఇవి చూడు. అమ్మ ఇంట్లో ఉంది. తలుపు తెరిచి ఉంది. నేను అలిసిపోయి ఉన్నా. కాఫీ వేడిగా ఉంది. అన్నిటికీ చివర ఉంది, ఉన్నా. ఇది ఎస్తార్. "మమా ఎస్తా ఎన్ కాసా", "లా పుఏర్తా ఎస్తా అబియేర్తా", "ఎస్తోయ్ కన్సాదా", "ఎల్ కఫే ఎస్తా కలియేంతె". ఇంకా ఒక మాట, నువ్వు ఉత్తరంలో "నేర్చుకుంటా ఉండా" అని రాశావు చూడు, మన చిత్తూరు వైపు మాట, కొందరు దీన్ని నాటుగా ఉందని వెక్కిరిస్తారు, స్పానిష్ లో అది "ఎస్తోయ్ అప్రెందియెందో", నేర్చుకుంటా అనేది అప్రెందియెందో, ఉండా అనేది ఎస్తోయ్. కోస్తా వాళ్ళ 'నేర్చుకుంటున్నా' లో ఉండు అనేది కలిసిపోయి కనపడదు, మన యాసలో విడిగా నిలబడి ఉంది. కాబట్టి ఆ యాసని మార్చుకోవద్దు, అది నీకు పనికొస్తా ఉంది.

ఇక్కడ నువ్వు ఒక ప్రశ్న వేస్తావని నాకు తెలుసు. అక్కా, "ఇల్లు పెద్దగా ఉంది" అంటాం కదా, మరి ఎస్తార్ పెట్టాలా అని. పెట్టకూడదు. ఇక్కడ ఇంకో చిన్న పరీక్ష చేయాలి, 'గా ఉంది' తీసేసి 'ది' గానీ 'వాడు' గానీ పెట్టి చూడు, అర్థం మారకపోతే సేర్. ఇల్లు పెద్దగా ఉంది, ఇల్లు పెద్దది, రెండూ ఒకటే, కాబట్టి "లా కాసా ఎస్ గ్రాందె". కాఫీ వేడిగా ఉంది, దీన్ని కాఫీ వేడిది అంటే ఏదో తేడా కొడతా ఉంది కదా, కాబట్టి ఎస్తార్. మామిడికాయతో అయితే ఇది బ్రహ్మాండంగా తెలుస్తుంది. "ఎల్ మాంగో ఎస్ బేర్దె" అంటే పచ్చ రంగుది. "ఎల్ మాంగో ఎస్తా బేర్దె" అంటే పచ్చిగా ఉంది, ఇంకా మాగలేదు. అట్లాగే లీస్తో అనే మాట, "ఎస్ లీస్తో" అంటే తెలివైనవాడు, "ఎస్తా లీస్తో" అంటే రెడీగా ఉన్నాడు. తెలుగులోనే వాడు ఒక చోట, ఉన్నాడు ఒక చోట వచ్చి కూర్చున్నాయి, నేనేమీ ఇరికించలేదు.

ఇంకొక్కటి చెప్పి దీన్ని వదిలేస్తా, ఫంక్షన్ల సంగతి. పెళ్ళి ఎక్కడ అంటే "లా బోదా ఎస్ ఎన్ తిరుచానూరు", సేర్. ఊరు ఎక్కడుంది అంటే ఎస్తార్, పెళ్ళి ఎక్కడ అంటే సేర్. 'జరుగుతుంది' అని పెట్టగలిగే చోట సేర్, అంతే.

మనుషుల ముందు వచ్చే 'ఆ' గురించి అడిగావు. నువ్వు ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో బట్టీ పట్టి ఉంటావు, నిన్, నున్, లన్, కూర్చి, గురించి, ద్వితీయా విభక్తి. ఆ ని, ను లే ఇక్కడ పనికొస్తాయి. "నేను ఇల్లు చూశా" అంటావా, అంటావు, బాగానే ఉంది. "నేను సినిమా చూశా", బాగుంది. "నేను అమ్మ చూశా" అంటావా? ఎవరూ అనరు, అమ్మని చూశా అనాలి. వస్తువు అయితే ని పెట్టొచ్చు పెట్టకపోవచ్చు, మనిషి అయితే పెట్టి తీరాలి. స్పానిష్ లో కూడా అదే, "బేఓ లా కాసా", ఇల్లు చూస్తా ఉన్నా, "బేఓ ఆ మి మాద్రె", అమ్మని చూస్తా ఉన్నా. ఇంగ్లీషులో ఇట్లాంటిది లేదు, కాబట్టి ఇంగ్లీషులో రాసిన పుస్తకాల్లో ఇదేదో వింత అన్నట్టు ఒక చాప్టర్ పెడతారు. నీకు మాత్రం ఒకటే ప్రశ్న, ఇక్కడ 'ని' తీసేస్తే వాక్యం చెడిపోతుందా? చెడిపోతే 'ఆ' పెట్టు. నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు అనేచోట తెలుగులో ని రాదు, స్పానిష్ లో కూడా "తెంగో దోస్ ఎర్మానోస్", ఆ రాదు. ఎవరైనా ఒక డాక్టరు దొరికితే చాలు అనుకుంటే "బూస్కో ఉన్ మేదికో", నీ మనసులో ఫలానా డాక్టరు ఉండి ఆయన్ని వెతుకుతా ఉంటే "బూస్కో ఆ ఉన్ మేదికో".

భూతకాలం దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇది. "చిన్నప్పుడు ప్రతి శనివారం అవ్వతో గుడికి పోయేదాన్ని." "నిన్న గుడికి పోయినా." పోయేదాన్ని, పోయినా, రెండూ గడిచిపోయినవే, అయినా నువ్వు ఎప్పుడైనా ఒకదాని బదులు ఇంకోటి వాడావా? "నిన్న ఒకసారి గుడికి పోయేదాన్ని" అని చంటిపిల్ల కూడా అనదు. ఆ తేడానే స్పానిష్ వాళ్ళ రెండు భూతకాలాలు. పోయేదాన్ని అంటే ఈబా, పోయినా అంటే ఫుయి. "దె నీన్యా ఈబా అల్ తేంప్లో కోన్ మి అబుఏలా", "అయేర్ ఫుయి అల్ తేంప్లో". ఇంగ్లీషులో మామూలుగా రెండింటికీ ఒకే మాటతో సరిపెట్టేస్తారు, అందుకే వాళ్ళకి కష్టం, నీకెందుకు కష్టం?

ఒక తేడా మాత్రం ఉంది, దాచను. తెలుగులో అలవాటుకి పోయేదాన్ని అంటాం, అప్పుడు నడుస్తా ఉన్న పనికి పోతా ఉన్నా అంటాం, స్పానిష్ లో ఈ రెండూ ఒకే గూట్లో ఉంటాయి. "నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను నిద్రపోతా ఉన్నా", "దొర్మీయా కుఆందో మె యమాస్తె". దొర్మీయా అనేది నిద్రపోయేదాన్ని అనేచోట కూడా వస్తుంది, నిద్రపోతా ఉన్నా అనేచోట కూడా వస్తుంది. మన రెండు గదులు వాళ్ళకి ఒకటే గది అనుకో.

అందరూ పడే గుంత ఇంకోటుంది. ఎక్కువసేపు జరిగింది కాబట్టి ఈబా లాంటి రూపం పెట్టాలేమో అనుకుంటారు. తిరుమలలో క్యూలో మూడు గంటలు నిలబడ్డావు అనుకో, ఎంత సేపైనా సరే, తెలుగులో "మూడు గంటలు నిలబడ్డా" అంటావు కానీ "మూడు గంటలు నిలబడేదాన్ని" అనవు, ఎందుకంటే దానికి మొదలూ చివరా ఉన్నాయి, దర్శనం అయిపోయింది, బయటికొచ్చేశావు. స్పానిష్ లో కూడా అంతే, "ఎస్తూబె త్రేస్ ఓరాస్ ఎన్ లా కోలా". నీ తెలుగు చెవిని నమ్ము, అది తప్పు చెప్పదు. ఇంకా, "తెలిసింది" అంటే "సూపె", "అప్పటికే తెలుసు" అంటే "సబీయా". పుస్తకాల్లో ఇక్కడ క్రియకి అర్థమే మారిపోతుంది అని పెద్ద హెచ్చరిక రాస్తారు, మనకి తెలిసింది వేరు, తెలుసు వేరు, ఎప్పుడూ వేరే.

రూపాలు బట్టీ పట్టడానికి మాత్రం కూర్చోవాలి, దానికి దగ్గర దారి లేదు. కాకపోతే ఈబా వైపు రూపాల్లో సొంత దారిలో పోయే క్రియలు మొత్తం భాషలో మూడే మూడు, సేర్, ఈర్ (పోవడం), బేర్ (చూడటం). ఫుయి వైపు చాలా ఉన్నాయి, అవి రోజుకి రెండు చొప్పున పెట్టుకో. సేర్ కీ ఈర్ కీ రెండింటికీ ఫుయి అనే వస్తుంది, చూసి భయపడొద్దు, సందర్భంలో తెలిసిపోతుంది.

పోర్, పారా. మళ్ళీ విభక్తులే. కొరకున్, కై, చతుర్థీ విభక్తి, అది పారా. అమ్మ కోసం అంటే "పారా మి మాద్రె", నేర్చుకోడానికి అంటే "పారా అప్రెందేర్", రేపటికి కావాలి అంటే "పారా మన్యానా". చేతన్, వలనన్, మీదుగా, బదులు, ఇవన్నీ పోర్. వాన వల్ల అంటే "పోర్ లా యూబియా", ఫలానావాళ్ళ చేత రాయబడింది అనేచోట కూడా పోర్. నేను పిల్లలకి రైలు వాక్యం ఒకటి చెప్తా, "ఎల్ త్రేన్ పారా చిత్తూరు పాసా పోర్ పాకాలా", చిత్తూరుకి పోయే రైలు పాకాల మీదుగా పోతుంది. చేరాల్సిన చోటు పారా, దారిలో దాటిపోయేది పోర్. నువ్వు ఆ రైల్లో ఎక్కినప్పుడల్లా పాకాల స్టేషన్ వస్తే ఇది గుర్తొస్తుంది చూడు.

మోసం చేసేది మన 'కి', 'కు' లు. "వచ్చినందుకు థాంక్స్" లో కు ఉంది కదా అని పారా పెట్టేస్తారు, కానీ అక్కడ అర్థం నువ్వు వచ్చావు కాబట్టి అని, కారణం, "గ్రాసియాస్ పోర్ బెనీర్". "50 రూపాయలకి కొన్నా" లో కి ఉంది, కానీ అర్థం 50 రూపాయలు ఇచ్చి దానికి బదులు తెచ్చుకున్నా అని, పోర్. 'కోసం' కూడా రెండు పడవల మీద కాలు పెడుతుంది. ఈ చీర నీ కోసం అంటే నీకు ఇవ్వడానికి, పారా, నీ కోసమే ఇంత కష్టపడ్డా అంటే నీ వల్ల, నీ మీద ప్రేమ వల్ల, పోర్.

ఇప్పటిదాకా తెలుగు చేయి పట్టుకుని నడిపించింది, ఇక వదిలేసే చోట్లు కూడా చెప్పాలి కదా. మొదటిది లింగం. మనకి బస్సు వచ్చింది, పిల్ల వచ్చింది, మగవాళ్ళకి తప్ప అన్నిటికీ ఒకటే, బల్ల ఆడదా మగదా అని మనం అడగం. స్పానిష్ లో ప్రతి వస్తువుకీ ఉంటుంది. దీనికి ఒకటే పని, మాటని ఒంటరిగా నేర్చుకోవద్దు, ముందు ఎల్ (మగ అయితే) గానీ లా (ఆడ అయితే) గానీ తగిలించి ఒకే మాటలాగా నోటికి పట్టించు. చివర ఆ వస్తే ఆడ అనుకుంటారు, ఎక్కువసార్లు నిజమే, కానీ గ్రీకు నుంచి వచ్చిన ఎల్ ప్రోబ్లేమా, ఎల్ తేమా, ఎల్ ఇదియోమా, ఎల్ క్లీమా ఇవన్నీ మగ, ఎల్ దీయా, ఎల్ మాపా కూడా మగే, లా మానో మాత్రం ఆడ. లా ఫోతో, లా మోతో కూడా ఆడే, పూర్తి మాటలు ఫోతోగ్రఫీయా, మోతోసిక్లేతా కదా, వాటి లింగమే మిగిలింది. ఎల్ ఆగ్వా చూసి నీళ్ళు మగ అనుకోవద్దు, లా, ఆగ్వా రెండు ఆ లు పక్కపక్కన గుద్దుకుంటాయని లా బదులు ఎల్ పెట్టారు, మన అత్వ సంధిలో రామ, అయ్య కలిసి రామయ్య అయినట్టు నోటి సుఖం కోసం, అంతే. చల్లటి నీళ్ళు "ఎల్ ఆగ్వా ఫ్రీయా", ఫ్రీయా ఆడ రూపమే, బహువచనం అయితే లాస్ ఆగ్వాస్.

రెండోది సబ్జంక్టివ్, అంటే కోరిక, అనుమానం లాంటివి చెప్పేటప్పుడు క్రియకి వచ్చే వేరే రూపం. నువ్వు అడగలేదు, కానీ త్వరలో అడుగుతావు. "నువ్వు రావాలని నాకుంది" అనేచోట మనం వస్తావు అనకుండా రావాలి అని రూపం మారుస్తాం కదా, స్పానిష్ లో కూడా "కియేరో కె బేంగాస్", బియేనెస్ కాస్తా బేంగాస్ అయింది. ఇంతవరకే తెలుగు సాయం. "వస్తాడని అనుకుంటా ఉన్నా", "వస్తాడని అనుకోను", మనకి రెండింటిలోనూ వస్తాడే, వాళ్ళకి మొదటిదానిలో బియేనె, రెండోదానిలో బేంగా. ఇది వాడగా వాడగా రావాల్సిందే. మొదలుపెట్టడానికి ఒహలా అనే మాట పట్టుకో, దాని వెనక ఎప్పుడూ సబ్జంక్టివే వస్తుంది. "ఒహలా యుఏబా", వాన పడితే బాగుండు. స్పెయిన్ లో అరబ్బులు వందల ఏళ్ళు ఉన్నారు కదా, అప్పుడు అరబీ నుంచి వచ్చిన మాట అది, దేవుడు తలిస్తే అని అర్థం, మన ఊర్లో స్వామి దయ ఉంటే అన్నట్టు. నారింజకి వాళ్ళ మాట నరాంహా, అది కూడా అరబీ మీదుగా పోయిందే, ఇక్కడ మన దేశం నుంచి బయలుదేరి. విన్నప్పుడు ఎక్కడో చుట్టరికం ఉన్నట్టు అనిపిస్తుంది.

కాల్స్ ఉద్యోగం అంటున్నావు కాబట్టి ఇది కూడా. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. ఉస్తేద్ కి క్రియ 'ఆమె, అతను' రూపంలో వస్తుంది, ఎందుకంటే అది పాత కాలంలో బుఏస్త్రా మెర్సేద్, అంటే తమ దయ, ఏలినవారు అన్నట్టు, అది అరిగి అరిగి ఉస్తేద్ అయింది. మన తిరుపతిలో షాపుల ముందు "సామి ఏం తీసుకుంటారు?" అని ఎదుటి మనిషినే పక్కమనిషి లాగా పిలుస్తారు కదా, సరిగ్గా అదే. కస్టమర్ తో ఉస్తేద్ తోనే మొదలుపెట్టు, వాళ్ళే తూ అంటే అప్పుడు మారొచ్చు. మెక్సికో, కొలంబియా వాళ్ళతో మాట్లాడాల్సి వస్తే బొసోత్రోస్ రూపాలు నేర్చుకోడానికి టైం పెట్టొద్దు, అవి స్పెయిన్ లో వాడేవి, లాటిన్ అమెరికా దేశాల్లో మీరందరూ అనడానికి ఉస్తేదెస్ చాలు.

పరీక్ష సంగతి, డేలే అని స్పెయిన్ ప్రభుత్వం తరఫున ఇన్స్తితూతో సెర్బాంతెస్ అనే సంస్థ వాళ్ళు ఇచ్చేది ఉంది, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు, ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్టుకి గడువు ఉండదు. ఢిల్లీలో వాళ్ళ సెంటర్ ఉంది. నువ్వు రాసినదాన్ని బట్టి ఏ2 కి తయారవ్వు, దానిలో సబ్జంక్టివ్ గురించి కంగారు పడక్కర్లేదు, ఈ రెండు భూతకాలాలు మాత్రం గట్టిగా ఉండాలి.

కాబట్టి ఈ వారం ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం మూసి పక్కన పెట్టు. ఒక నోట్సు తీసుకుని మీ అమ్మ దగ్గర కూర్చుని, చిన్నప్పుడు ఏం చేసేదో అడుగు, ఎండాకాలం ఎక్కడికి పోయేది, మామిడితోటలోకి ఎవరితో పోయేది, ఏం తినేది, ఎవరు తిట్టేవాళ్ళు, తర్వాత ఒకరోజు జరిగిన ఒక సంగతి కూడా చెప్పమను. ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకో. పోయేదాన్ని, తినేదాన్ని అన్న ప్రతిచోటా కింద ఒక గీత, పోయినా, తిన్నా అన్నచోట రెండు గీతలు గీయి. అప్పుడు కింద స్పానిష్ రాయి, ఒక గీత ఉన్నచోట ఈబా వైపు రూపం, రెండు గీతలు ఉన్నచోట ఫుయి వైపు రూపం. పది వాక్యాలు చాలు. తప్పులున్నా పర్లేదు, రెండు భాషలూ ఒకే కాగితం మీద పెట్టి నాకు పంపు, నేను చూసి దిద్ది పంపిస్తా, అమ్మ చెప్పిన తెలుగు మాత్రం ఒక్క మాట కూడా మార్చొద్దు.